దూరమంటే ఎన్ని గంటలు?

మా తిరుపతి జిల్లా ఏర్పేడులో గోడ గడియారం పన్నెండు చూపించేటప్పటికి ఏడాదిలో చాలా రోజులు సూర్యుడింకా నడిమధ్యకు రాడు. సగటున మరో పన్నెండు నిమిషాలు ఆగాలి. నెలను బట్టి అది పావుగంట దాకా అటూ ఇటూ అవుతుంది. నమ్మకం కలగని పిల్లలు పెరట్లో ఒక కర్ర నిలువుగా పాతి, దాని నీడ అన్నిటికన్నా పొట్టిగా అయ్యే వేళను నాలుగు రోజులు రాసుకుంటే వాళ్లకే తెలుస్తుంది. కారణం సులువైనదే. మన దేశపు గడియారాలన్నీ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన నడుస్తాయి. ఆ గీత కాకినాడ దరిదాపుల్లోంచి పోతుంది. ఏర్పేడు దానికి దాదాపు 3 డిగ్రీలు పడమరగా, 79.6 డిగ్రీల దగ్గరుంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు. మూడు నాలుగులు పన్నెండు.

మా తాతల కాలంలో ఈ లెక్క ఇంకోలా ఉండేది. 1906 జనవరి 1న దేశమంతటికీ ఒకే సమయం పెట్టక ముందు రైళ్లన్నీ మద్రాసు నక్షత్రశాల చెప్పిన సమయానికి నడిచేవి. అది గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాలు ముందు. మన రేణిగుంట, గూడూరు వైపు ఊళ్లకు మద్రాసు దాదాపు అదే రేఖాంశం కాబట్టి స్టేషను గడియారానికీ సూర్యుడికీ తేడా సగటున రెండు మూడు నిమిషాలు మించేది కాదు. బొంబాయి వాళ్లకు మాత్రం ఊరి గడియారం ఒకటి చెప్పేది, రైలు గడియారం ఇంకొకటి చెప్పేది. రైళ్లు రాకముందు ఊరి సమయం ఏదైనా ఎవరికీ ఇబ్బంది లేదు. ఊరూ ఊరూ రైలుతో, తంతితో కలిసి పని చేయాల్సి వచ్చాకే, సూర్యుడు ఒకచోట ముందు, ఒకచోట వెనక అన్న సంగతి జనం నిత్యం లెక్క కట్టుకోవాల్సిన విషయమైంది.

ఈ మధ్య మా మనవరాలు ఇంట్లోంచే ఒక అమెరికా కంపెనీ పని చేస్తూ, సాయంత్రం కాఫీ వేళ నన్ను ఒక ప్రశ్న అడిగింది. బడిలో భౌతికశాస్త్రం చెప్పిన తాతను అడగాల్సిన ప్రశ్నేనా అది అని మీకనిపించవచ్చు. నాకు మాత్రం అది అచ్చంగా భౌతికశాస్త్రంలోని ప్రశ్నే అనిపించింది.

"తాతా, మా క్లయింటు చికాగోలో ఉండాడు. కొత్త ప్రాజెక్టు మాకిచ్చేదా, మెక్సికోలో ఇంకో టీముకిచ్చేదా అని ఆలోచన చేస్తా ఉండారు. మా మేనేజరు మమ్మల్నే ఒక నోటు రాయమన్నాడు. ఏం రాసేది?"

తెలియని వాళ్ల కోసం చెబుతాను. ఒక కంపెనీ తన పనిని బయటి దేశంలోని వాళ్లకు ఇవ్వాలనుకున్నప్పుడు రెండు దారులుంటాయి. పక్క దేశంలో, తన గడియారానికి దగ్గరగా ఉన్నవాళ్లకు ఇస్తే దాన్ని నియర్‌షోర్ అంటున్నారు. అమెరికా వాళ్లకు మెక్సికో, కొలంబియా, కోస్టారికా అలాంటివి. జర్మనీ వాళ్లకు పోలండ్, రుమేనియా. సముద్రాలు దాటి, పగలుకు రాత్రిగా ఉన్నచోటికి ఇస్తే ఆఫ్‌షోర్. హైదరాబాదు, బెంగళూరు పేరు తెచ్చుకున్నది ఈ రెండో దారిలోనే. సికింద్రాబాదులో 1987లో మొదలైన సత్యం కంప్యూటర్స్‌కు 1991లో అమెరికా ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ పని దొరికింది. తెలుగువాళ్ల ఇళ్లల్లో ఆఫ్‌షోర్ అనే మాట వినపడటం ఆ దశకంలోనే.

"దగ్గరిది కావాలా, దూరానిది కావాలా అని అడుగుతున్నారు సరే, ఏ దూరం పాపా?" అన్నాను. "నాకు తెలిసి దూరాలు మూడు. ఓడకు పట్టే దూరం, కాంతికి పట్టే దూరం, సూర్యుడికి పట్టే దూరం. మీ పని వీటిలో దేనికి కట్టుబడి ఉందో తేల్చకుండా నోటు రాయలేవు."

కాంతి దూరంతో మొదలుపెడతాను, అది తొందరగా తేలిపోతుంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లో బెంగళూరు వచ్చినప్పుడు అమెరికాతో మాటలూ లెక్కలూ ఉపగ్రహం మీదుగా పంపుకునేది. అలాంటి ఉపగ్రహం భూమధ్యరేఖకు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. పైకి 36 వేలు, కిందికి 36 వేలు, మొత్తం 72 వేలు. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి మీ మాట అవతలికి చేరడానికి పావు సెకను, జవాబు తిరిగి రావడానికి ఇంకో పావు. పాత రోజుల్లో దుబాయి నుంచో అమెరికా నుంచో ఫోను వస్తే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగిపోయేవాళ్లు, గుర్తుందా? ఆ అరసెకను చేసిన పనే అది. తరవాత సముద్రం అడుగున గాజుతీగలు వచ్చాయి. చెన్నై నుంచి సింగపూరుకు 3,200 కిలోమీటర్ల తీగ 2002లో వేశారు. గాజులో కాంతి వేగం మూడోవంతు తగ్గి సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు అవుతుంది. అయినా ఆ దూరానికి పట్టేది సెకనులో 62వ వంతు. అమెరికా దాకా తీగ చుట్టుతిరిగి 20 వేల కిలోమీటర్లు పోయిందనుకున్నా పట్టేది సెకనులో పదోవంతు. మాట్లాడుకునే మనుషులకు ఈ ఆలస్యం అడ్డం కానే కాదు. షేర్ల అమ్మకాలు, కంప్యూటరు ఆటలు లాంటి కొన్ని పనుల్లోనే అది లెక్కలోకి వస్తుంది.

ఇక సూర్యుడి దూరం. దీన్ని ఏ తీగా తగ్గించలేదు. చికాగోలో ఉదయం తొమ్మిదికి ఆఫీసు తెరిచేటప్పటికి ఏర్పేడులో రాత్రి ఎనిమిదిన్నర. వాళ్లు గడియారాన్ని గంట ముందుకు జరిపి వేసవి గడియారం పాటించే నెలల్లో, అంటే మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా, ఏడున్నర. మనం తొమ్మిదికి కూర్చుని ఆరింటికి లేస్తే వాళ్ల పనివేళ, మన పనివేళ ఒక్క నిమిషం కూడా కలవవు. మెక్సికోలోని గ్వాదలహారా గడియారం చలికాలంలో చికాగో గడియారమే. మెక్సికో 2022లో వేసవి గడియారాన్ని చాలామటుకు ఎత్తేసింది కాబట్టి వేసవిలో ఒక గంట తేడా. అంటే అక్కడి టీము రోజంతా క్లయింటుతో పాటే మెలకువగా ఉంటుంది.

ఇందులో ఎంత లాభం, ఎంత నష్టం అన్నది ఊరికే గాలిలో తేలదు. మనవరాలికి జాకెట్టు సంగతి చెప్పాను. ఆది జాకెట్టు ఇచ్చి, దీనిలాగే కుట్టమని చెబితే దర్జీ తిరుపతిలో ఉన్నా, చెన్నైలో ఉన్నా ఒకటే. కుట్టు కూలి ఎక్కడ తక్కువో అక్కడికి పంపొచ్చు. అదే పెళ్లికి కొత్త మోడలు కావాలి, మెడ ఎట్లా ఉండాలో ఇంకా మనసులో తేలలేదు అంటే దర్జీ పక్క వీధిలో ఉండాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వేసుకుని చూసి, ఇక్కడ వదులు చెయ్యమ్మా అని చెప్పుకోవాలి. దర్జీ నైపుణ్యంలో తేడా లేదు. తేడా అంతా ఎన్ని సార్లు అడగాల్సి వస్తుందన్న దాంట్లో ఉంది.

దాన్నే అంకెల్లో పెట్టి చూద్దాం. అంకెలు నేను అనుకున్నవే, లెక్క మాత్రం నిజమైనది. పని 60 రోజులది. దూరం టీముకు రోజుకు 100 రూపాయలు, దగ్గరి టీముకు 150. పైపైన చూస్తే దూరానిది 6,000, దగ్గరిది 9,000. ఎవరైనా దూరమే అంటారు. ఇప్పుడు సందేహాలు కలుపుదాం. పని ఆపి, జవాబు వచ్చేదాకా ఎదురు చూడాల్సిన సందేహం ఒక్కోటి వచ్చినప్పుడు దూరం టీముకు ఒక రోజు పోతుంది. సాయంత్రం అడిగింది, వాళ్లు పగలు చూసి రాసింది, మనం మర్నాడు పొద్దున చదివింది. దగ్గరి టీము ఫోనెత్తి అడిగేస్తుంది కాబట్టి రోజులో పదోవంతు పోతుందనుకుందాం. అలాంటి సందేహాలు 40 వస్తే దూరం టీము పని 100 రోజులకు పెరిగి 10,000 అవుతుంది. దగ్గరిది 64 రోజులకు 9,600. ఎక్కడ తిరగబడిందో వెనక్కి లెక్క కట్టి చూడండి: 35 సందేహాల దాకా దూరానిదే చౌక, 36 నుంచి దగ్గరిది.

కాగితం మీద మనవరాలు ఈ లెక్క మళ్లీ మళ్లీ వేసి చూసింది. కూలి రేటు మారిస్తే ఆ 36 అటూ ఇటూ జరుగుతుంది, కానీ మామూలు రేట్ల తేడాల్లో ఎక్కడో ఒకచోట ఉంటుంది. "అయితే తాతా, జవాబు రాకపోతే మేం ఖాళీగా కూర్చోం కదా, వేరే పని చేసుకుంటాం" అంది. నిజమే, అందుకే పని ఆపేసే సందేహాలను మాత్రమే లెక్కపెట్టమన్నాను. దీనికన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. జవాబు కోసం మర్నాటి దాకా ఆగడం ఇష్టంలేని కుర్రవాడు ఇలా అనుకుని ఉంటారులే అని ఊహించి ముందుకు పోతాడు. పది ఊహల్లో ఎనిమిది సరిగ్గానే ఉంటాయి. మిగిలిన రెండు, పని ముగిసే రోజున బయటపడతాయి. విప్పి మళ్లీ కుట్టాలి. ఈ ఖర్చు ఏ కొటేషన్‌లోనూ కనిపించదు.

అయితే రాత్రి ఎప్పుడూ నష్టమే అనుకోకూడదు. క్లయింటు సాయంత్రం ఇంటికి పోతూ, ఇవాళ రాసిన ప్రోగ్రామును పరీక్షించండి అని పంపి పడుకుంటాడు. లేచేటప్పటికి తప్పుల జాబితా బల్ల మీద ఉంటుంది. అతని నిద్ర మన పగలు అయింది. పరీక్షలు, పాత వ్యవస్థల నిర్వహణ, లెక్కల పద్దులు, రోజంతా నిఘా అవసరమైన సర్వర్లు లాంటి పనులకు భూమి గుండ్రంగా తిరగడమే పెట్టుబడి. అడగాల్సిన అవసరం తక్కువగా ఉన్న పనికి సూర్యుడి దూరం లాభం, అడగాల్సినవి ఎక్కువ ఉన్న పనికి అదే నష్టం. మన కంపెనీలు ఈ సంగతి ముందే పట్టుకున్నాయి. టాటా కన్సల్టెన్సీ 2002లోనే ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో, 2007లో గ్వాదలహారాలో ఆఫీసులు తెరిచింది. దూరాన్ని అమ్ముకుని పెరిగిన సంస్థ, దగ్గరుండి చేయాల్సిన పనుల కోసం తానే ఆ గట్టుకు పోయి కూర్చుంది.

ఈ వ్యవహారం కంప్యూటర్లతో పుట్టిందని మాత్రం అనుకోకండి. మనకు పక్కనే ఉన్న శ్రీకాళహస్తి దీనికి చాలా పాత సాక్ష్యం. 1639 ఆగస్టులో కాళహస్తి దామెర్ల వంశపు వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డేకు సముద్రపు ఒడ్డున ఒక ఇసుక నేల ఇచ్చాడు. అక్కడ లేచిన ఊరికి వెంకటాద్రి తండ్రి చెన్నప్ప పేరు మీద చెన్నపట్నమని పేరు. కంపెనీకి అక్కడేం పని? గుడ్డ. ఈ తీరంలో బట్ట నాణ్యంగానూ, వేరేచోట్ల కన్నా ఐదోవంతు చౌకగానూ దొరుకుతుందని డే తన పైవాళ్లకు రాశాడు. డచ్చివాళ్లు అంతకు ముందే పులికాట్‌లో దిగి, 1613లో గెల్డ్రియా కోట కట్టుకున్నారు. వాళ్లదీ అదే పని. ఖర్చు తక్కువగా ఉన్నచోటుకి పనిని పంపడమంటే ఇది కాక మరేమిటి?

అద్దకపు గుడ్డల విషయంలో కథ ఇంకా బాగుంటుంది. యూరప్ ఇళ్లల్లో పరుపులకూ తెరలకూ ఏ రంగు నేల, ఏ పూలు కావాలో అక్కడి వర్తకులు నమూనాలు పంపేవాళ్లు. ఎర్ర నేల వద్దు, తెల్ల నేల మీద కొమ్మలు రెమ్మలు కావాలి అని ఉత్తరాలు వచ్చేవి. ఉత్తరం ఓడలో ఆఫ్రికా కొన చుట్టి రావడానికి ఆరేడు నెలలు. కరక్కాయ కషాయంలో నానబెట్టి, చిరువేరుతో ఎరుపు దించి, నీలిమందులో ముంచి, ఉతికి ఆరబెట్టి తయారు చేయడానికి కొన్ని నెలలు. గాలి మళ్లే కాలం చూసుకుని ఓడ వెనక్కి పోవడానికి ఇంకో ఆరేడు నెలలు. ఒక ప్రశ్న అడిగి జవాబు చూడటానికి ఏడాదిన్నర, రెండేళ్లు. మన అద్దకం పనివాళ్లు ఎన్నడూ చూడని ఆకులను కాగితం మీది గీతలు చూసి గీశారు. అర్థంకాని చోట తమకు తెలిసిన పూలతో నింపారు. అందుకే లండన్, ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియాల్లో ఇవాళ కనిపించే ఆ తెరల మీద ఇంగ్లండు ఆకు, చైనా రాళ్లు, మన పూలు ఒకే కొమ్మకు వేలాడతాయి. ఊహించి చేసిన పని ప్రతిసారీ చెడిపోవాలని లేదు, ఇక్కడ అది ఒక కొత్త అందాన్ని ఇచ్చింది. ఆ చేతుల వారసత్వం శ్రీకాళహస్తిలో కలంకారీగా ఇప్పటికీ బతికే ఉంది.

ఇంత దూరాన్ని ఆ వర్తకులు ఎలా తట్టుకున్నారు? సగం పనిని దగ్గరికి తెచ్చుకున్నారు. లండన్‌ను మద్రాసుకు దగ్గర చేయలేరు కాబట్టి నేతగాళ్లను మద్రాసులోని తమ కోటకు దగ్గర చేశారు. 1734లో గవర్నరు జార్జ్ మోర్టన్ పిట్ కాలంలో చింతాద్రిపేట అని ఒక కొత్త పేట కట్టించి, నూలు వడికేవాళ్లు, నేసేవాళ్లు, అద్దకం వేసేవాళ్లు, ఉతికేవాళ్లను అక్కడ కాపురం పెట్టించారు. కంపెనీ గుమాస్తా నడిచిపోయి మగ్గం దగ్గర నిలబడి, ఈ పోగు సన్నం చెయ్యి అని చెప్పగలిగే దూరం. ఒకే సరుకులో కొంత దూరం, కొంత దగ్గర కలిపి వాడటం దాదాపు మూడొందల ఏళ్లకిందటే మన తీరంలో జరిగింది.

ఓడ దూరం గురించి చెబుతానన్నాను కదా. దానికి శ్రీసిటీ పారిశ్రామికవాడ చూపిస్తే చాలు. మన తిరుపతి జిల్లాలోనే, తడ పక్కన, చెన్నైకి యాభై అరవై కిలోమీటర్లలో ఉంది. చెన్నై మెట్రోకు నాలుగేసి పెట్టెల రైళ్లు 42 కావాల్సి వచ్చినప్పుడు 2010లో ఆల్‌స్టోమ్ కంపెనీకి పని దొరికింది. శ్రీసిటీలో ఫ్యాక్టరీ సిద్ధమయ్యేలోపు మొదటి 9 రైళ్లు బ్రెజిల్‌లో తయారై ఓడలెక్కి వచ్చాయి. మిగిలిన 33 శ్రీసిటీలోనే అయ్యాయి. ఆ తరవాత అదే ఫ్యాక్టరీ దిక్కు మార్చి బయటికి పంపడం మొదలుపెట్టింది. సిడ్నీ మెట్రోకు ఆరేసి పెట్టెల రైళ్లు 22. మొదటిది 2017లో అక్కడ దిగింది, 2019లో జనం ఎక్కారు. కెనడాలోని మాంట్రియల్‌కు 212 పెట్టెలు. 2020లో పోవడం మొదలై, 2023 జులైలో అక్కడ పరుగు ప్రారంభించాయి. నెలల తరబడి మంచు పేరుకునే ఊరి రైలును, మంచన్నదే ఎరగని సత్యవేడు, వరదయ్యపాలెం ప్రాంతపు పిల్లలు బిగించారు. ఈ విషయం తలచుకున్నప్పుడల్లా నాకు గొప్పగా ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మాంట్రియల్ రైలుకు వెల్డింగు చేసిన కుర్రవాడు పగలే చేశాడు. మాంట్రియల్ బ్యాంకుకు సాఫ్ట్‌వేరు చూసే అమ్మాయి రాత్రి మేలుకుంటుంది. ఇద్దరి క్లయింటూ ఒక్క ఊళ్లోనే ఉన్నాడు. రైలు పెట్టెకు గీతలన్నీ ముందే గీసి ఉన్నాయి, ఉక్కు మందం, బోల్టు బిగువు అన్నీ రాసి ఉన్నాయి. అడగాల్సింది తక్కువ. కాబట్టి ఓడకు వారాలు పట్టినా సూర్యుడితో తగువు లేదు. సాఫ్ట్‌వేరు క్షణంలో పోతుంది, కానీ అడగాల్సినవి ఎక్కువ. అందుకని సూర్యుడితో తగువు పడింది. తూకం వేసి చూడదగిన పెద్ద బరువుల కన్నా చిన్న చిన్న ప్రశ్నలే మనుషుల నిద్రను ఎక్కువగా తింటున్నాయి.

నాకు అన్నిటికన్నా మనసుకు పట్టిన విషయం ఈ నిద్ర. ఆఫ్‌షోర్ చౌక అని లెక్క కట్టేవాళ్లు ఆ చౌకదనంలో కొంత భాగం ఎవరి ఒంట్లోంచి వస్తోందో రాయరు. మన మెదడు అడుగున, హైపోథాలమస్ దగ్గర, బియ్యపు గింజ కన్నా చిన్న కణాల గుంపు ఒకటుంది. ఒంటి గడియారం అది. దాని చుట్టు సరిగ్గా 24 గంటలు కాదు, సగటున 24 గంటల పది నిమిషాల పైచిలుకు. రోజూ పొద్దుటి వెలుతురు కంట్లో పడి దాన్ని మళ్లీ సరిచేస్తుంది. మన కంటి తెరలో చూపుతో పనిలేకుండా వెలుతురును మాత్రమే కొలిచే కణాలు వేరేగా ఉన్నాయి, వాటి ఉద్యోగమే ఇది. చీకటి పడ్డాక మెలటోనిన్ ఊరుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, కాలేయం, పేగులు తమ పని తగ్గించుకుంటాయి. ఈ గడియారం కణంలో ఏ జన్యువులతో నడుస్తుందో ఈగల్లో కనిపెట్టినందుకు హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఏళ్ల తరబడి రాత్రంతా దీపం కింద కూర్చుని, పగలు కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకునే మనిషి ఒంట్లో ఈ గడియారానికి ఏది పగలో తెలియదు. నిద్ర తగ్గుతుంది, చక్కెర అదుపు తప్పుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2007లో, మళ్లీ 2019లో, రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్‌కు బహుశా కారణం కాగలదన్న జాబితాలో చేర్చింది. దాని అర్థం రాత్రి పనిచేసిన ప్రతివారికీ వస్తుందని కాదు. తేలికగా తీసుకోవద్దని. నర్సులు, పోలీసులు, రైలు నడిపేవాళ్లు రాత్రి మేలుకోక తప్పదు, వాళ్ల దయ వల్లే మనం బతుకుతున్నాం. ఒక తెర మీద బొత్తాం రంగు నీలమా పచ్చా అని తేల్చడానికి మాత్రం ఏర్పేడులో ఒక ఆడపిల్ల అర్ధరాత్రి ఒంటిగంట దాకా మేలుకోవాల్సిన అవసరం లేదని నేను గట్టిగా అంటాను. ఆ పని గ్వాదలహారాలో పట్టపగలు జరగనివ్వండి. అది మనకు పోయిన పని అని బాధపడను.

ఎందుకంటే దగ్గర అన్నది మెక్సికోకు మాత్రమే రాసిపెట్టిన గుణం కాదు. ఎవరి గడియారంలోంచి చూస్తున్నామన్న దాన్ని బట్టి ఏర్పేడు కూడా దగ్గరే. సింగపూరు మనకు రెండున్నర గంటలు ముందు. దుబాయి గంటన్నర వెనక. నైరోబీ రెండున్నర గంటలు వెనక. టోక్యో మూడున్నర ముందు. వీళ్లందరితో మన పగటిలో సగానికి పైగా కలుస్తుంది. సిడ్నీవాళ్ల తొమ్మిది మనకు తెల్లవారుజాము నాలుగున్నర, వాళ్ల వేసవిలో మూడున్నర. అయినా మనం ఆఫీసులో కూర్చున్నాక మధ్యాహ్నం పన్నెండు దాకా వాళ్లు పనిలోనే ఉంటారు. లండన్ తొమ్మిది మనకు మధ్యాహ్నం రెండున్నర, వేసవిలో ఒకటిన్నర. అంటే పొద్దున ఆస్ట్రేలియా, జపాన్, మధ్యాహ్నం గల్ఫ్, సాయంత్రం యూరప్. ఒకే పగట్లో సగం భూగోళం మనతో మాట్లాడగలదు. అమెరికా ఖండాలు మాత్రమే దాదాపు భూమికి అవతలి వైపు పడ్డాయి. అక్కడి ఒక్క దేశం కోసమే మన పిల్లల ఆలోచనంతా తిరగడం చూస్తే, మిగిలిన పగటిని వాడుకోకుండా వదిలేస్తున్నామే అనిపిస్తుంది.

2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ రెండూ ఇప్పుడు మన ఏర్పేడు పొలిమేరల్లోనే ఉన్నాయి. అక్కడ చదువుకునే పిల్లలకు నేనిచ్చే సలహా ఇదే: ప్లేస్‌మెంటుకు వచ్చిన కంపెనీని జీతం ఎంత అని అడిగాక, మీ క్లయింటు ఏ రేఖాంశం మీద ఉన్నాడని అడగండి. ఇంకొకటి కూడా అడగండి, పని వివరం రాసి ఇస్తారా, లేక చేస్తూ చేస్తూ తెలుసుకోవాలా అని. ఈ రెండు జవాబులు తెలిస్తే మీ రాత్రులు ఎలా ఉండబోతున్నాయో ముందే లెక్క కట్టుకోవచ్చు. చెన్నై, బెంగళూరు కంపెనీలకైతే మనం ఒకే గడియారంలో, కొన్ని గంటల రోడ్డు ప్రయాణంలో ఉన్నాం. ఆ అనుకూలతను వాళ్లకు గట్టిగా చెప్పుకోవాల్సింది మనమే.

ఇక మనవరాలి నోటు. పోయిన ప్రాజెక్టులో క్లయింటుతో నడిచిన టికెట్లన్నీ, అంటే పని గురించి రాసుకున్న చీటీలన్నీ తెరిచి, వాటిలో పనిని ఆపేసిన ప్రశ్నలు ఏవో వేరు చేయమన్నాను. రెండు సాయంత్రాలు కూర్చుని చేసింది. కుప్పలు చాలా స్పష్టంగా విడిపోయాయి. కొత్త తెరలు గీయడం, వాడేవాళ్లతో కూర్చుని ఏం కావాలో తేల్చుకోవడం, ఈ రెండిటి దగ్గరే ప్రశ్నలన్నీ గుంపుగా పడ్డాయి. పాత లెక్కల వ్యవస్థ నిర్వహణ, డేటా మార్చడం, పరీక్షలు, వీటిలో ప్రశ్నలు అక్కడక్కడ ఒకటి. కాబట్టి పని మొత్తం ఇక్కడికా, మొత్తం అక్కడికా అని కాకుండా ముక్కలుగా చెప్పింది. మొదటి రకం మెక్సికో టీముకు, రెండో రకం మనకు. వాళ్లు తేల్చిన ప్రతి నిర్ణయాన్నీ ఆ రోజే రాసి, ఒక నమూనాతో సహా మనకు పంపాలని షరతు పెట్టింది. రోజుకు ఒక్క కాల్, అరగంట మించకుండా, చికాగోలో ఉదయం ఎనిమిదికి. అది మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, నవంబరు మొదటి ఆదివారం తరవాత ఏడున్నర.

"చలికాలంలో ఏడున్నరంటే భోజనం వేళ తాతా" అంది. నోటు చివర ఒక వాక్యం కలపమన్నాను: నవంబరు నుంచి మార్చి దాకా ఆ కాల్‌ను చికాగో వాళ్లు ఏడింటికి జరుపుకోవాలి, ఆ అరగంట కాల్ కోసం కాదు, గడియారం మారిన ఆ గంట భారం మన ఒక్కరి మీదే పడకుండా. ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో మర్యాదగా ఎలా రాయాలో తనకే బాగా తెలుసు. రాసి పంపింది.